గట్టు మీది చూపు: తటాకధర్మంలో సందర్శకుని స్థానం

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మైదానాల్లో నీటి చుట్టూ అల్లుకున్న పుణ్యానికి ధర్మశాస్త్రాలు ఏనాడో కర్తలను, భోక్తలను నిర్ణయించి పెట్టాయి: చెరువు తవ్వించినవాడు కర్త, ఆ నీటిని తాగినవాడు, అందులో మునిగినవాడు, దానితో చేను తడుపుకున్నవాడు భోక్త. ఈ రెండు వర్గాల్లో దేనిలోనూ ఇమడని మనిషి ఒకడు ఇప్పుడు చెరువుల దగ్గరికి వస్తున్నాడు. పెదకాకాని మండలం ఉప్పలపాడు గట్టున గూడబాతులను చూడడానికి, విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కి నాగార్జునకొండ ద్వీపం మీద తిరగడానికి, నల్లమల అంచున కంభం చెరువు కట్ట మీద సాయంత్రపు నడకకు వచ్చే ఈ మనిషి గుక్కెడు నీళ్లు తాగడు, పాదమైనా తడుపుకోడు, చూసి వెళ్లిపోతాడు. ఇతనికీ ఆ నీటికీ ఉన్నది పుణ్యసంబంధమా, కేవలం వినోదమా, ఆ చూపు వల్ల అతని మీద పడే బాధ్యత ఏదైనా ఉందా అన్నది పైకి చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కాని, పుణ్యం ఎక్కడ పుడుతుంది, ఇచ్చేవాని మనసులోనా, పుచ్చుకునేవాని అనుభవంలోనా అన్న పాత వివాదాన్ని అది మళ్లీ తెరుస్తుంది. ఆంధ్రదేశపు బౌద్ధశాఖలు ఆ వివాదంలో ఒక పక్షం వహించాయి కూడా.

వైదిక సంప్రదాయం సత్కర్మలను ఇష్టమని, పూర్తమని రెండు తెగలు చేసింది. అగ్నిముఖంగా జరిగే యజ్ఞయాగాలు ఇష్టం. బావి, చెరువు, గుడి, తోట, అన్నదానం వంటి లోకోపయోగ కార్యాలు పూర్తం. యజ్ఞాధికారం లేదన్న స్త్రీశూద్రులకు సైతం పూర్తంలో అధికారం ఉండడం వల్ల రాజులే కాక రాణులు, సేనానులు, వర్తకులు చెరువులు తవ్వించి ఆ సంగతి రాళ్ల మీద చెక్కించారు. కొడుకు, చెరువు, కావ్యం, దేవాలయం, తోట, నిధి, అగ్రహారం అనే ఏడింటిని సప్తసంతానాలుగా, అంటే మనిషి పోయాక అతని పేరు నిలబెట్టేవిగా, తెలుగువారు లెక్కించారు. కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబిక తవ్వించిన చెరువుకు సంతానసాగరమని పేరు పెట్టడం ఈ లెక్కను దృష్టిలో ఉంచుకునే. ఆ నిర్మాణాన్ని చెప్పే 1409 నాటి ఫిరంగిపురం శాసనం శ్రీనాథుడు రచించినది. తవ్వినంత మాత్రాన చెరువులోకి నీరు రాదు కనుక, ఆ రాజు కుమారుడు రాచవేముడు జగనొబ్బగండ కాలువ తవ్వించి సంతానసాగరానికి నీరు చేర్చినట్లు 1415 నాటి అమీనాబాదు శాసనం చెబుతుంది. పుణ్యానికి కూడా ఎగువ నుంచి నీటి సరఫరా కావాలన్న ఈ వాస్తవజ్ఞానం స్తోత్రప్రాయమైన శాసనభాషలో అరుదుగా దొరికే సుగుణం.

తటాకపుణ్యం ఎలా లెక్కకు వస్తుందో మహాభారతం అనుశాసనపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు వివరించాడు. ఎవరి చెరువులో దప్పిగొన్న ఆవులు, మృగాలు, పక్షులు, మనుషులు నీళ్లు తాగుతారో అతనికి అశ్వమేధఫలం దక్కుతుందని, ఆ చెరువులో ప్రాణులు తాగడం, స్నానమాడడం, విశ్రమించడం అన్నీ అతనికి పరలోకంలో తరగని ఫలమవుతాయని ఆ భాగం సారాంశం. మనిషికీ పక్షికీ ఇక్కడ ఒకే వరసలో, ఒకే హోదాలో చోటు దక్కింది. పక్షి తాగిన నీటికి తక్కువ ఫలమని ఎక్కడా లేదు. విశ్రాంతిని కూడా అనుభవంగా లెక్కించడం మరింత ఆసక్తికరం, ఎందుకంటే నీటిని ముట్టకుండా గట్టు మీది చెట్టునీడన కూర్చున్న బాటసారి కూడా భోక్తల జాబితాలోకి వచ్చేశాడు. చూపు మాత్రం రాలేదు. స్వామిని కన్నులారా చూడడమే సేవగా భావించి, దర్శనం కోసం గంటల తరబడి వరసల్లో నిలబడే సంప్రదాయం చెరువు దగ్గరికి వచ్చేసరికి చూపును ఎందుకు పక్కన పెట్టిందని అడగవచ్చు. దర్శనంలో చూపు రెండు వైపులా నడుస్తుందన్న నమ్మకంలో దీనికి ఒక జవాబు ఉంది: భక్తుడు దేవుణ్ణి చూస్తాడు, దేవుడు భక్తుణ్ణి చూస్తాడు, ఆ రెండో చూపే అనుగ్రహం. చెరువు నుంచి సందర్శకుని వైపు తిరిగి వచ్చే చూపు ఎలాంటిదో ఉప్పలపాడు ప్రస్తావనలో తేలుతుంది.

తవ్వకం పూర్తయ్యాక చెరువును వదులుకోవడమనే ఘట్టం ఉంది; దానికి జలాశయోత్సర్గమని పేరు. దానంలో ఇచ్చేవాని స్వత్వం, అంటే ఇది నాదనే హక్కు, తొలగి పుచ్చుకున్నవానికి సంక్రమిస్తుంది. ఉత్సర్గంలో ఇచ్చేవాని స్వత్వం తొలగుతుందే తప్ప ఫలానా వ్యక్తికి కొత్త స్వత్వం పుట్టదు, నీరు సర్వభూతాలకూ, అంటే పుట్టిన ప్రతి ప్రాణికీ, విడిచిపెట్టబడుతుంది. అలాగైతే తవ్వించినవాడు మర్నాడు అందులో మునిగితే ఇచ్చినది తిరిగి తీసుకున్న దోషం అంటుతుందా అని ధర్మశాస్త్ర పండితులు తర్కించి, సర్వభూతాల్లో అతడూ ఒక భూతమే కనుక ఆ హోదాలో వాడుకోవచ్చునని, యజమాని హోదాలో కాదని తేల్చారు. మత్స్యపురాణంలోని తటాకవిధి ఈ విడుపును కళ్లకు కట్టిస్తుంది: బంగారంతో చేసిన తాబేలు, మకరం, వెండి చేప, నీటిపాము, రాగి ఎండ్రకాయ, కప్ప, ఇనుముతో చేసిన శింశుమారమనే పెద్ద జలచరం బొమ్మలను సిద్ధం చేసి చెరువుకు సమర్పించాలి. చెరువులో ముందుగా కాపురం పెట్టవలసినవారు ఎవరో ఆ బొమ్మల వరస చెప్పకనే చెబుతోంది. కొంగకు బొమ్మ లేదు. చేప ఉన్నచోటికి కొంగను ఎవరూ పిలవనక్కర లేదు కాబోలు.

ఇదే మైదానానికి పడమట, కృష్ణాలోయలో, బౌద్ధులు తటాకపుణ్యాన్ని మరో కోణం నుంచి చూశారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పద్నాలుగో రాజ్యసంవత్సరంలో, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక, అంటే ఇల్లు విడవకుండానే ధర్మాన్ని అనుసరించే స్త్రీ, తాను చేయించిన కట్టడాల పట్టికను నాగార్జునకొండలో చెక్కించింది. చైత్యగృహాలు, భిక్షువుల గదులు, మండపాలతో పాటు పూర్వశైలమనే చోట కట్టించిన ఒక చెరువు కూడా ఆ పట్టికలో ఉంది. వాటి ఫలాన్ని ఆమె తన బంధువులకు, సంఘానికి, చివరకు సకల లోకపు హితసుఖాలకు ధారపోసింది. ఇచ్చిన క్షణంలోనే ఆమె పుణ్యం ముగిసిందా, లేక ఆ చెరువులో ఎవరో నీళ్లు ముంచుకున్నప్పుడల్లా పెరుగుతూ పోయిందా అన్నది పాలి అభిధర్మ గ్రంథమైన కథావత్తులో చర్చకు వచ్చిన విషయం. దాన్ని పరిభోగమయ పుణ్యమంటారు: వాడకం వల్ల కలిగే పుణ్యం. తోటలు నాటినవారికి, వంతెనలు కట్టినవారికి, చలివేంద్రాలు, బావులు ఏర్పరచినవారికి రేయింబవళ్లు పుణ్యం పెరుగుతుందన్న బుద్ధవచనాన్ని ఆధారంగా చూపి, వాడకంతో పాటు పుణ్యమూ పెరుగుతుందని వాదించినవారు రాజగిరిక, సిద్ధత్థిక, సమ్మితీయ శాఖలవారని ఆ గ్రంథపు వ్యాఖ్య చెబుతుంది. వీరిలో మొదటి రెండు శాఖలు అంధకులు, అంటే ఆంధ్రదేశానికి చెందినవారు. ఆ గ్రంథాన్ని ప్రమాణంగా గల స్థవిరవాదులు దీన్ని ఒప్పుకోలేదు. పుణ్యమంటే చేతన, ఇచ్చేటప్పటి సంకల్పం. దాత తర్వాతి కాలంలో దురాలోచనల్లో మునిగి ఉన్నా ఎక్కడో ఎవరో నీళ్లు తాగుతున్నందుకు అతనికి పుణ్యం పెరుగుతోందనడం చిత్తాన్ని లెక్కచేయకపోవడమేనని వారి ఆక్షేపం.

తర్కబలం స్థవిరవాదుల వైపే ఉంది. అయినా చెరువు విషయంలో అంధకుల మాటను కొట్టిపారేయడం కష్టం, ఎందుకంటే చెరువు ఒక్కసారి చేతులు మారి ముగిసిపోయే వస్తువు కాదు. దాత ఊహకు అందని ప్రాణులు, దాత పేరు మరిచిపోయిన తరాల్లో, దాత తలచని పద్ధతుల్లో దాన్ని వాడుకుంటాయి. అంధకుల సిద్ధాంతాన్ని ఒప్పుకుంటే దాని వెంటే మరో పర్యవసానం వస్తుంది: వాడకం పుణ్యాన్ని పెంచగలిగితే, ఒకరి వాడకం మరొకరి వాడకానికి అడ్డుపడినప్పుడు ఆ పెరుగుదల ఆగిపోవాలి. సందర్శకుడు నీటిని వాడడు గనుక నిరపరాధి అన్న సామాన్యాభిప్రాయం నిలుస్తుందో లేదో ఇక్కడే పరీక్షించాలి.

ఉప్పలపాడు చెరువు పెద్దది కాదు. దాని చుట్టూ ఊరు, ఆ వెనక పొలాలు. నీటి మధ్యనున్న తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, నల్లటి తల, వంకర ముక్కు గల కంకణాలు గూళ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. చెట్లు చాలని చోట ఇనుప స్టాండ్లు నిలిపారు. ఊరివారు కొట్టకుండా, గుడ్లు తీయకుండా ఉన్నందువల్లే ఇది పక్షుల ఊరయింది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, వందలాది గూళ్ల కింద రెట్టలు పడే నీరు మనుషులు తాగడానికి పనికిరాదు. సర్వభూతాలకూ విడిచిన నీరు సర్వభూతాలకూ ఏకకాలంలో పనికివస్తుందన్న హామీ ఏ విధిలోనూ లేదు. ఒక ప్రాణి అనుభవం మరొక ప్రాణి త్యాగం మీద నిలుస్తుంది, ఉప్పలపాడులో ఆ త్యాగం చేసింది ఊరు. ఏ శాసనమూ చెక్కించకుండా, ఏ బొమ్మలూ నీట వదలకుండా, కేవలం సహించడం ద్వారా జరిగిన ఈ ఉత్సర్గం పురాణోక్తమైన దానికంటే తక్కువది కాదు.

గట్టున నిలబడి చూసేవాని చూపు ఈ గూళ్లను ఎలా తాకుతుందన్నది ధర్మమీమాంసకు పక్షిశాస్త్రం అందించే సాక్ష్యం. ఎర్రకాళ్ల కొంగ ఎండవేళ రెక్కలు చాచి పిల్లలకు నీడపడుతుంది. మనిషి మరీ దగ్గరికి వస్తే, కేక వేస్తే, డ్రోన్ ఎగరేస్తే తల్లి లేచిపోతుంది. అది తిరిగి వచ్చేలోగా ఈకలు రాని పిల్ల ఎండకు వాడుతుంది, గుడ్డు కాకికి చిక్కుతుంది. దర్శనంలో తిరిగి వచ్చే చూపు అనుగ్రహమైతే, ఇక్కడ తిరిగి వచ్చేది బెదురు. కాబట్టి చూడడం నీటిని వాడకపోయినా చెరువును వాడడమే. ఎంత దూరం నుంచి, ఎంత మౌనంగా చూశాడన్న దాన్ని బట్టి అది విశ్రాంతి కిందికో, దోపిడి కిందికో వస్తుంది. నడక సైతం నిర్దోషం కాదని బౌద్ధ వినయం, అంటే భిక్షువుల నియమావళి, ఎప్పుడో గుర్తించింది: వానకాలంలో తిరిగే భిక్షువులు పచ్చగడ్డిని, చిన్న ప్రాణులను తొక్కుతున్నారన్న లోకాపవాదం వల్లే మూడు నెలలు ఒకచోట కదలకుండా ఉండే వర్షావాసం ఏర్పడింది. నాగార్జునకొండ విహారాల్లోని చిన్న చిన్న గదుల వరసలు కొంతవరకు ఆ నియమం కట్టించిన గదులే.

నీటి మీద మొదటి హక్కు ఎవరిదన్న ప్రశ్నకు మహాభారతంలోనే ఇంకొక జవాబు ఉంది, అది భీష్ముని జవాబు కంటే కఠినం. అరణ్యపర్వం చివర పాండవులు దాహంతో చేరిన కొలనులో ఒక కొంగ ఉంటుంది. ఈ కొలను ముందునుంచీ నాది, నా ప్రశ్నలకు జవాబు చెప్పి తాగు అని అది అడ్డుపడుతుంది. లెక్కచేయక తాగిన నలుగురు తమ్ములూ పడిపోతారు. ధర్మరాజు ఆగి జవాబులు చెబుతాడు. కొంగ యక్షుడై, యక్షుడు ధర్మదేవతయై బయటపడడం వల్ల ఈ కథను ప్రశ్నోత్తరాల వేదాంతంగానే చదవడం అలవాటైంది కాని, కథలోని వివాదం నీటిహక్కు గురించినది, హక్కుదారు రూపం పక్షిది, ధర్మజ్ఞుని లక్షణం ఆగి వినడం. ఈ భాగాన్ని తెలుగు చేసిన ఎఱ్ఱన, గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. అదే గుండ్లకమ్మకు ఎగువన రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపినదే విజయనగర కాలపు కంభం చెరువు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. అలా విశాలంగా పరచుకున్న చెరువు దగ్గర సందర్శకునికి ఆగి వినడం సులువే. చిన్న చెరువు దగ్గరే అది కష్టం.

నాగార్జునసాగర్ విషయం వేరు. 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట పూర్తయి 1967లో కాలువలకు నీరు వదిలారు; అంతకుముందే నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను విడదీసి కొండ మీద, అనుపులో తిరిగి నిలిపారు. మిగిలిన లోయ అంతా, విహారాల పునాదులూ, ఊళ్లూ, నీటి కిందికి వెళ్లింది. ఏ ధర్మశాస్త్రమూ ఇంత చెరువును ఊహించలేదు, ఇందులో ఉత్సర్గమూ లేదు. ఇది వదలడం మీద కాక పంచడం మీద నిలిచిన నీరు. 1976లో అమల్లోకి వచ్చిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పు సాగర్ ఆయకట్టుకు 264 టీఎంసీలు కేటాయించింది; టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అందులో సగం, 132 టీఎంసీలు, గుంటూరు, ప్రకాశం పొలాలకు వచ్చే కుడికాలువది. ఆవిరయ్యే నీటికి కూడా ఆ లెక్కల్లో 17 టీఎంసీల వాటా ఉంది. మృగానికి, పక్షికి లేదు. దీన్ని నేరంగా ఎంచనక్కర లేదు, పంపకాల న్యాయానికి మాట్లాడగల కక్షిదారులు కావాలి. అయినా జలాశయపు ఒడ్డు పులుల అభయారణ్యానికి దాహం తీరుస్తూనే ఉంది, కాలువ నీరు ఊరి చెరువుల్లో చేపను, చేప కొంగను పోషిస్తూనే ఉన్నాయి. సంకల్పమే పుణ్యమనే స్థవిరవాద పక్షాన ఈ మేలుకు కర్త లేడు. వాడకమే పుణ్యమనే అంధక పక్షాన దానికి కర్తలు లక్షలమంది, ముంపులో ఇల్లు వదిలిన ప్రతి కుటుంబంతో సహా. లాంచీలో కొండకు వెళ్లే యాత్రికుడు దాటుతున్నది వారి పొలాల మీదుగానే గనుక, ఈ రెండో లెక్కే న్యాయానికి దగ్గరగా కనిపిస్తుంది.

అదే కాలువ పత్తినీ మిరపనూ తడుపుతుంది. పురుగుమందు ఎక్కువగా తాగే పంటల్లో ఈ రెండూ ముందుంటాయి. 1980ల చివర తెల్లదోమ పత్తిని పాడుచేసి ఈ జిల్లాల రైతులను అప్పుల్లోకి, కొందరిని చావుల్లోకి నెట్టిన తర్వాత కూడా పిచికారీ ఆగలేదు. వానకు పొలం నుంచి జారిన మందు వాగులో, వాగు నుంచి చెరువులో కలిసే దారి అందరికీ తెలిసినదే. నూలు చొక్కా తొడుక్కుని, కారం కలిపిన పులిహోర పొట్లంతో గట్టెక్కే సందర్శకుడు, గట్టు దిగువన మందు కొట్టే రైతును వేలెత్తి చూపే ముందు, ఆ రెండు సరుకులకు కొనుగోలుదారు ఎవరో తలచుకోవాలి. పంచాయతీ చెరువులో చేపల వేలం పాడినవానికి గూడబాతు మీద ఉండే కోపం కూడా అర్థంలేనిది కాదు: సర్వభూతాల పేరిట చెల్లిస్తున్నది అతనొక్కడే.

భీష్ముని తటాకమహిమలో ఋతువుల లెక్క ఒకటి ఉంది. వానకాలం వరకే నీరు నిలిచే చెరువు తవ్వించినవానికి అగ్నిహోత్రఫలం. శరత్తు దాకా నిలిస్తే వేయి గోవుల దానఫలం. హేమంత శిశిరాల్లో ఉంటే యాగఫలాలు, వసంతంలో ఇంకా పెద్ద యాగానిది. గ్రీష్మంలో కూడా నీరుంటే అశ్వమేధఫలం. సందర్శకుల రద్దీ హేమంతంలో పుంజుకుని శిశిరంతో పలచబడుతుంది. మిరప కోతలు ముగిసి గుంటూరు యార్డు బస్తాలతో నిండే రోజుల్లో, సాగర్ మట్టం 510 అడుగుల వైపు దిగుతూ కుడికాలువకు తాగునీటి కోసం మాత్రమే విడుదలలు జరిగే రోజుల్లో గట్టు మీద నడిచేవారు ఉండరు. అశ్వమేధఫలం నిర్ణయమయ్యే కాలంలో సాక్షి లేడన్నమాట. అయితే ధర్మశాస్త్రాలు మెచ్చిన జీర్ణోద్ధారానికి, అంటే పాతబడిన చెరువును బాగుచేయడానికి, ఎండిన అడుగు బయటపడే ఆ నెలలే అదను. ఆ పని చేస్తున్నది చాలాచోట్ల పుణ్యం ఊసెత్తని రైతు: చేను బలపడుతుందని చెరువుమట్టి తవ్వి ట్రాక్టరులో తోలుకుపోతాడు, తవ్విన మేర చెరువు లోతవుతుంది. సంకల్పం లేదు గనుక స్థవిరవాది అతనికి ఏమీ రాయడు. అంధకుల లెక్కలో మాత్రం, మరుసటి ఏడు ఆ లోతులో నిలిచిన నీటికి కొంగ దిగిన రోజు నుంచే అతని ఖాతా మొదలవుతుంది.